ఇగ్నేషియస్ ఏడు ఉత్తరాలు: పటం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదివే పద్ధతి

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను. మన కతోలిక ఇళ్ళల్లో ఇన్నాసి, ఇన్నయ్య అని పిల్లలకు పేర్లు పెట్టుకునేది, విజయవాడలో లయోలా కాలేజీకి పేరొచ్చినది 16వ శతాబ్దపు స్పెయిన్ దేశస్థుడు లయోలా ఇగ్నేషియస్ వల్ల. ఈ ఉత్తరాలు రాసిన ఇగ్నేషియస్ వేరు. ఆయనకన్నా సుమారు 1400 ఏళ్ళు ముందువాడు. సిరియాలోని అంతియొకయ సంఘానికి బిషప్పు. త్రాజాను చక్రవర్తి కాలంలో (98–117) పట్టుబడి, మృగాల నోట వేయడానికి రోముకు తరలించబడ్డాడని సంఘ సంప్రదాయం. ఆ ప్రయాణంలోనే ఏడు ఉత్తరాలు రాశాడు. కొందరు పండితులు ఆ కాలాన్ని ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళు తర్వాతికి జరుపుతారు. చదవడం మొదలుపెట్టేవాళ్ళకు ఆ తగువు అడ్డం కాదు.

నేను సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా విచారణలో (అంటే పారిష్‌లో) సాయంత్రం పూట కొంతమందిమి కూర్చుని ఇలాంటివి చదువుకుంటాం. ఆర్‌సీయం (రోమన్ కతోలిక్) వాళ్ళమే ఎక్కువ. లూథరన్ సంఘపు పెద్ద ఒకాయన వస్తాడు, ఒకే స్కూల్లో పనిచేశాం. పెంతెకొస్తు ప్రార్థనకు వెళ్ళే మా వీధి అమ్మాయి ఒకతె వస్తుంది. వీళ్ళందరితో ఒకే చాప మీద కూర్చుని ఇగ్నేషియస్‌ను చదవాలంటే పద్ధతి ఉండాలి. లేకపోతే రెండో పేజీలోనే బిషప్పు గురించి గొడవ మొదలవుతుంది. నేను పాటించే పద్ధతి రాస్తున్నాను.

మొదటి పని, సరైన పాఠం చేతిలోకి తెచ్చుకోవడం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఈ ఉత్తరాలు మూడు రూపాల్లో దొరుకుతాయి. 4వ శతాబ్దంలో ఎవరో అసలు ఉత్తరాల్లో తమ మాటలు కలిపి సాగదీసి, కొత్తవి కూడా కల్పించి 13 చేశారు. అది పొడుగు రూపం. ఏడు ఉత్తరాలున్నది మధ్య రూపం. సిరియా భాషలో మూడింటిని కుదించినది పొట్టి రూపం. మనకు కావలసింది మధ్యది. క్రీ.శ. 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ తన సంఘ చరిత్రలో పేర్లతో చెప్పిన ఏడూ ఇవే.

గుర్తుపట్టడం తేలిక. విషయసూచికలో తార్సు వాళ్ళకు, అంతియొకయ వాళ్ళకు, హీరో అనే డీకనుకు (సంఘ పరిచారకుడికి), ఫిలిప్పీ వాళ్ళకు రాసినట్టు ఉత్తరాలు కనబడితే మీ చేతిలో పొడుగు రూపం ఉందన్నమాట. మరియమ్మ తల్లికి, యోహానుకు రాసిన ఉత్తరాలు కూడా కనబడితే అవి ఇంకా తర్వాతి కల్పన, లాటిన్లో పుట్టినవి. ఇంగ్లిషులో ఉచితంగా దొరికే పాత అనువాద సంపుటం ఒకటి పొట్టిది, పొడుగుది పక్కపక్కన రెండు వరుసల్లో వేస్తుంది. అందులో పొట్టి వరుసే చదవండి. అక్కడ పొట్టిదంటే మధ్య రూపమే, సిరియా భాషది కాదు. ఇంగ్లండు పండితుడు లైట్‌ఫుట్ అనువాదం దొరికితే ఈ బాధే లేదు. లైట్‌ఫుట్ 1885లో, అంతకు ముందు 1873లో జర్మనీకి చెందిన థియోడోర్ జాన్, ఈ ఏడూ అసలువేనని గట్టిగా వాదించినవాళ్ళు. ఇప్పటికీ ఒప్పుకోనివాళ్ళు కొందరున్నారు కానీ ఎక్కువమంది అటే.

ఈ మధ్య రూపం బయటపడిన తీరు మాత్రం మాస్టారుగా నాకు ముచ్చటేస్తుంది. ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ మధ్యయుగపు ఇంగ్లండు రచయితలు ఇగ్నేషియస్ నుంచి తీసుకున్న మాటలు చూశాడు. అవి అప్పట్లో అచ్చులో ఉన్న పాఠంతో కలవడం లేదు, ప్రాచీన రచయితలు ఉదహరించిన మాటలతో సరిగ్గా కలుస్తున్నాయి. అయితే ఇంగ్లండులో ఎక్కడో మంచి ప్రతి ఉండి తీరాలనుకుని వెతికించాడు, లాటిన్ ప్రతులు దొరికాయి, 1644లో అచ్చు వేశాడు. రెండేళ్ళకు డచ్చి పండితుడు ఐజాక్ వాసియస్ ఫ్లోరెన్సులోని గ్రీకు ప్రతి నుంచి ఆరు ఉత్తరాలు ప్రచురించాడు. రోము ఉత్తరం గ్రీకులో 1689 దాకా ఆగాల్సి వచ్చింది. కాపీ కొట్టిన పిల్లలను పట్టుకునేది కూడా ఇలాగే, తప్పులు ఎవరివాటితో కలుస్తున్నాయో చూసి.

రెండో పని పటం గీయడం. మ్యాపు లేకుండా పాఠం చెప్పడం నావల్ల కాదు, ఈ పాఠమైతే అసలు కాదు. నేటి టర్కీ పటం తీసుకోండి. కింద దాదాపు మధ్యలో, సిరియా సరిహద్దు దగ్గర అంతాక్య అని ఉంటుంది, 2023 ఫిబ్రవరి భూకంపంలో బాగా దెబ్బతిన్న ఊరు. అదే అంతియొకయ. పడమటి తీరంలో ఇజ్మీర్, అదే స్ముర్న. దానికి తూర్పున లోపలికి అలాషెహిర్, అదే ఫిలదెల్ఫియ. ఇజ్మీరుకు దక్షిణంగా ఎఫెసు శిథిలాలు, ఇంకా లోపలికి మెయాండర్ నది వైపు మగ్నేసియ, త్రల్లె. త్రల్లె ఇప్పటి ఐదిన్. వాయవ్య మూలన సముద్రం ఒడ్డున త్రోయ. అక్కణ్ణుంచి ఓడలో నెయపొలి, తర్వాత ఫిలిప్పీ, ఈ రెండూ ఇప్పటి గ్రీసులో. ఈ చివరి మూడూ అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు వెళ్ళిన దారే కాబట్టి మనవాళ్ళకు పరిచయమే.

ఇప్పుడు ఎర్ర పెన్సిలుతో ఆయన్ని తీసుకెళ్ళిన దారి గీయండి: అంతియొకయ నుంచి ఫిలదెల్ఫియ మీదుగా స్ముర్న, త్రోయ, నెయపొలి, ఫిలిప్పీ. ఎఫెసు, మగ్నేసియ, త్రల్లె ఆ గీత మీద పడవు చూశారా? సైనికులు ఉత్తరపు దారి పట్టారు. దక్షిణపు దారిలో ఉన్న ఈ మూడు సంఘాలూ ఆయన్ని చూడలేకపోయాయి. అందుకే తమ మనుషుల్ని స్ముర్నకు పంపాయి. ఎఫెసు నుంచి బిషప్పు ఒనేసిము, డీకను బుర్రుస్, క్రోకుస్, ఇంకో ఇద్దరు. మగ్నేసియ నుంచి కుర్ర బిషప్పు దమాస్, ఇద్దరు పెద్దలు, ఒక డీకను. త్రల్లె నుంచి బిషప్పు పొలుబియు ఒక్కడే. వచ్చినవాళ్ళ చేతికి తలా ఒక ఉత్తరం. స్ముర్న నుంచే ఇంకోటి రోముకు. తర్వాత త్రోయ నుంచి మూడు: ఫిలదెల్ఫియకు, స్ముర్నకు, స్ముర్న బిషప్పు పొలికార్పుకు.

అంటే ఎఫెసు, మగ్నేసియ, త్రల్లె ఉత్తరాలు తను ఎన్నడూ చూడని సంఘాలకు, వాళ్ళ ప్రతినిధుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినవి. ఫిలదెల్ఫియ, స్ముర్న ఉత్తరాలు తను వెళ్ళి, చూసి, ఒకచోట పోట్లాడి కూడా వచ్చిన సంఘాలకు రాసినవి. ఈ తేడా తెలియకుండా చదివితే అన్నిట్లోనూ చెప్పిందే చెబుతున్నాడనిపిస్తుంది. తెలిసి చదివితే ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఇక వరుస. పుస్తకాల్లో ఎఫెసు ముందుంటుంది. నేను త్రల్లెతో మొదలుపెట్టిస్తాను. చిన్నది, 13 అధ్యాయాలు, సూటిగా ఉంటుంది. తర్వాత మగ్నేసియ, ఎఫెసు, రోము. ఆపైన ఫిలదెల్ఫియ, స్ముర్న, చివర పొలికార్పు. రోము ఉత్తరంతో మాత్రం మొదలుపెట్టవద్దు. ప్రసంగాల్లో అందరూ ఎత్తి చెప్పేది అదే. “నేను దేవుని గోధుమను, మృగాల పళ్ళ మధ్య నలిగి క్రీస్తుకు స్వచ్ఛమైన రొట్టెనవుతాను” అన్న మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ముందు అది చదివితే ఈ మనిషికి చావు పిచ్చి అనుకుని పుస్తకం మూసేస్తారు. మా బి.టెక్. కుర్రాడు ఒకడు అచ్చంగా అదే అన్నాడు.

త్రల్లె ఉత్తరానికి ఒక చిన్న పని. 9వ అధ్యాయంలో “నిజంగా” అని వచ్చినచోటల్లా గీత గీయండి. యేసు నిజంగా పుట్టాడు, తిన్నాడు, తాగాడు, పొంతి పిలాతు కాలంలో నిజంగా హింస పొందాడు, నిజంగా సిలువ మీద చనిపోయాడు, నిజంగా లేచాడు. ఎందుకింత నొక్కడం? క్రీస్తుకు శరీరం ఉన్నట్టు కనిపించిందే తప్ప నిజంగా బాధపడలేదని బోధించేవాళ్ళు అప్పట్లో ఉన్నారు. పదో అధ్యాయంలో ఇగ్నేషియస్ అడిగేది శాస్త్రార్థం కాదు. ఆయన బాధపడ్డట్టు నటిస్తే మరి నాకు ఈ సంకెళ్ళు ఎందుకు, మృగాలతో పోరాడాలని నేనెందుకు కోరుకుంటున్నాను, నా చావు దండగే కదా అంటాడు. ఇదే ఉత్తరం 4వ అధ్యాయంలో, బాధపడాలని ఇష్టమే గానీ దానికి తగినవాణ్ణో కానో తెలియదు అంటాడు. ఈ రెండూ పక్కపక్కన రాసి పెట్టుకోండి, రోముకు వెళ్ళాక పనికొస్తాయి.

మగ్నేసియతో బిషప్పు గొడవ ఎలాగూ వస్తుంది. బిషప్పు దేవుని స్థానంలో, పెద్దలు అపొస్తలుల సభ స్థానంలో, డీకన్లు యేసుక్రీస్తు పరిచర్య పొందినవాళ్ళు అని 6వ అధ్యాయంలో రాశాడు. మా ఆర్‌సీయం వాళ్ళు తల ఎగరేస్తారు, లూథరన్ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, పెంతెకొస్తు అమ్మాయి బైబిలు తెరుస్తుంది. దీనికి నా మందు ఒకటే. నోటుబుక్కులో పేజీ మధ్య నిలువు గీత గీయించండి. ఎడమవైపు “సంఘం బిషప్పుకు ఇవ్వాల్సింది”, కుడివైపు “బిషప్పు సంఘానికి ఇవ్వాల్సింది”. ఏడు ఉత్తరాలూ అయ్యేదాకా తీర్పు చెప్పకుండా నింపుతూ పోండి. మొదటి మూడు ఉత్తరాల్లో ఎడమవైపే నిండుతుంది. బిషప్పు లేకుండా ఏదీ చేయొద్దు, కుర్రవాడని లోకువ కట్టొద్దు, మౌనంగా ఉండే బిషప్పును ఇంకా గౌరవించండి. రోము ఉత్తరంలో ఆ గీత రెండు పక్కలా ఖాళీ, ఎందుకంటే అక్కడి బిషప్పు ఊసే ఎత్తలేదు. దీన్ని ఎవరి పక్షానికి వాళ్ళు లాక్కోవచ్చు, మా దగ్గర లాక్కున్నారు కూడా. పొలికార్పు ఉత్తరానికి వచ్చేసరికి కుడివైపు ఒక్కసారిగా నిండిపోతుంది. అక్కడికి వస్తాను.

ఎఫెసు ఉత్తరం పెద్దది, 21 అధ్యాయాలు, తొందరపడొద్దు. పెద్దలు బిషప్పుతో వీణకు తీగల్లా శ్రుతి కలిశారని 4లో ఉంది. 9లో విశ్వాసుల్ని దేవాలయపు రాళ్ళు చేసి, సిలువ అనే యంత్రంతో, పరిశుద్ధాత్మ అనే మోకుతో పైకెత్తిస్తాడు. కట్టుబడి పని చూసినవాడి ఊహ అది. 15లో, క్రైస్తవుణ్ణని చెప్పుకుని కాకుండా పోవడం కన్నా, చెప్పుకోకుండా నిజంగా అయి ఉండటం మేలంటాడు. 20లో ప్రభువు రొట్టెను అమరత్వపు ఔషధం అంటాడు, దివ్యసత్ప్రసాదం గురించి మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే మాట. కానీ మీరు తప్పక పెన్సిలు పెట్టాల్సింది 2వ అధ్యాయంలో ఒక చిన్న విన్నపం: మీ డీకను బుర్రుస్‌ను నా దగ్గరే ఉండనివ్వండి. ఆ పేరు చుట్టూ సున్నా చుట్టి ముందుకు పోండి. ఈ ఒనేసిము ఫిలేమోను పత్రికలోని దాసుడేనా అన్న చర్చ మీద మాత్రం ఒక సాయంత్రం తగలేయొద్దు, తేలదు.

ఏడింటిలో రోము ఉత్తరం ఒక్కదానికే తేదీ ఉంది: సెప్టెంబరు నెల మొదటి రోజుకు తొమ్మిది రోజుల ముందు అని, రెండు కొసల రోజులూ కలుపుకునే రోమీయుల లెక్కలో వేశాడు, అంటే ఆగస్టు 24. సంవత్సరం వేయలేదు. దీన్ని చదివేముందు ఎదుటివైపు ఎవరున్నారో ఊహించాలి. రోములోని క్రైస్తవులకు పలుకుబడి ఉండొచ్చు, అధికారులతో మాట్లాడి తనను విడిపించవచ్చు అని ఆయన భయం. ఉత్తరం మొత్తం ఆ ఒక్క పనికే: అడ్డు రాకండి. పేతురు పౌలుల్లా నేను మిమ్మల్ని ఆజ్ఞాపించను, వాళ్ళు అపొస్తలులు, నేను శిక్ష పడ్డ ఖైదీని అంటాడు. తనను కట్టేసుకుని తిరిగే పదిమంది సైనికుల్ని చిరుతలంటాడు, మంచి చేస్తే ఇంకా చెడిపోతారట. విశ్వాసులు వాళ్ళ చేతుల్లో ఏదో పెట్టి ఉంటారని నాకు అనుమానం. లేకపోతే శిక్ష పడ్డవాడికి ఇన్ని ఊళ్ళవాళ్ళతో ముచ్చట్లు, ఇన్ని ఉత్తరాలు ఎలా కుదురుతాయి?

ఈ ఉత్తరంలో గట్టిగా చదవాల్సింది గోధుమల వాక్యం కాదు, 7వ అధ్యాయం. నేను అక్కడికి వచ్చాక నన్ను కాపాడమని మిమ్మల్ని నేనే బతిమాలినా నా మాట వినకండి, ఇప్పుడు రాస్తున్నదే నమ్మండి అంటాడు. చావు పిచ్చి ఉన్నవాడు అలా రాయడు. తన కాళ్ళు వణుకుతాయేమోనని తనకే భయమున్నవాడు, ఆ వణుకు రాకముందే తన మాట సాక్షుల చేతిలో పెట్టేశాడు. పెన్సిలుతో రాసిపెట్టుకున్న త్రల్లె 4వ అధ్యాయం తీసి దీని పక్కన చదవండి. మా బి.టెక్. కుర్రాడు ఆ తర్వాత ఆ మాట మళ్ళీ అనలేదు, ఒప్పుకున్నానని కూడా అనలేదు.

ఇప్పటిదాకా చదివిన నాలుగింటికీ తిరిగి వెళ్ళి, సిరియాలోని సంఘం ఊసు వచ్చినచోటల్లా పచ్చ పెన్సిలు గీత పెట్టండి. దాదాపు చివర్లోనే దొరుకుతుంది: ఎఫెసు 21, మగ్నేసియ 14, త్రల్లె 13, రోము 9. నాలుగింటిలోనూ ఒకటే మాట, సిరియాలోని సంఘం కోసం ప్రార్థించండి. రోముకైతే నా బదులు వాళ్ళకు దేవుడే కాపరి అని రాశాడు. ఇప్పుడు త్రోయ ఉత్తరాలు తెరవండి. ఫిలదెల్ఫియ 10, స్ముర్న 11, పొలికార్పు 7. ప్రార్థించండి అన్న విన్నపం పోయింది. అంతియొకయలో శాంతి వచ్చిందని కబురు అందింది, ఎవరినైనా పంపి వాళ్ళతో కలిసి సంతోషించండి అంటున్నాడు. స్ముర్నకూ త్రోయకూ మధ్య ఎప్పుడో ఆ కబురు వచ్చింది. అక్కడి గొడవ బయటి హింసా, సంఘంలోని చీలికా అన్నది పండితుల వాదం. నా మట్టుకు చీలికేమోననిపిస్తుంది, ఐక్యత గురించి అంతగా కొట్టుకున్నవాడు సొంత ఇంట్లో అది చెడటం చూసి ఉండాలి. ఏదైనా కానీ, చావడానికి పోతున్న మనిషి ఇంటి దగ్గర సమాధానం కుదిరిందని విని, పది ఊళ్ళవాళ్ళను శుభాకాంక్షలకు పంపే ఏర్పాట్లలో మునిగిపోయాడు. ఈ పచ్చ గీతలు లేకుండా ఏడూ చదివినవాళ్ళకు ఇది కనబడదు.

బుర్రుస్ గుర్తున్నాడా? ఫిలదెల్ఫియ 11, స్ముర్న 12 చూడండి. త్రోయ నుంచి ఉత్తరం రాస్తున్నది అతని చేతిమీదుగానే. ఎఫెసు వాళ్ళు అడిగిన మనిషిని పంపారన్నమాట.

ఫిలదెల్ఫియ ఉత్తరాన్ని ఇద్దరు పంచుకుని బిగ్గరగా చదివితే బాగుంటుంది, ఎందుకంటే అందులో ఒక వాగ్వాదం ఉంది. పాత గ్రంథాల్లో చూపిస్తే తప్ప సువార్తను నమ్మమని కొందరన్నారు. రాసి ఉందన్నాడు ఈయన. అదే కదా తేలాల్సింది అన్నారు వాళ్ళు. నాకు పాత గ్రంథాలంటే యేసుక్రీస్తే, ఆయన సిలువ, మరణం, పునరుత్థానమే అని ముగించాడు. వాదనలో నెగ్గాడని నేను అనను. మా లూథరన్ పెద్దాయన అయితే ఓడిపోయాడనే అంటాడు.

స్ముర్న ఉత్తరంలో 6వ అధ్యాయం వదలొద్దు. తప్పుడు బోధకుల్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతూ, వాళ్ళకు విధవరాలి మీద, అనాథ మీద, బాధల్లో ఉన్నవాడి మీద, సంకెళ్ళలో ఉన్నవాడి మీద, ఆకలితో ఉన్నవాడి మీద పట్టింపు లేదంటాడు. క్రీస్తు శరీరం ఉత్తిదే అన్నవాడికి పక్కవాడి ఆకలి కూడా ఉత్తిదే అవుతుందని ఆయన తర్కం.

ఇక పొలికార్పు ఉత్తరం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎనిమిదే అధ్యాయాలు. ఒక బిషప్పు ఇంకో బిషప్పుకు పని అప్పగిస్తున్నాడు. మీ నోటుబుక్కులో కుడివైపు గడి ఇప్పుడు నింపండి. అందరినీ భరించు. మంచి శిష్యుల్నే ప్రేమిస్తే నీ గొప్ప ఏముంది, మొండివాళ్ళను మెత్తగా దారికి తే. అన్ని గాయాలకూ ఒకే మందు పూయరు. దెబ్బలు తినే దాగలిలా నిలబడు. విధవరాళ్ళను నిర్లక్ష్యం చేయొద్దు, ప్రభువు తర్వాత వాళ్ళకు నువ్వే దిక్కు. దాసదాసీల్ని చిన్నచూపు చూడొద్దు, అయితే సంఘం డబ్బుతో విడుదల చేయించమని వాళ్ళు ఆశపడకూడదు. ఈ చివరిది మా గుంపులో ఎవరికీ మింగుడు పడదు, పడాల్సిన పని కూడా లేదు. అది కూడా గడిలో రాయండి. రెండు గడులూ నిండాక అప్పుడు బిషప్పు గురించి ఎంతసేపైనా వాదించుకోండి, అడ్డు చెప్పను.

ఎనిమిదో అధ్యాయంలో తొందర కనబడుతుంది. ఉన్నట్టుండి నెయపొలికి ఓడెక్కాల్సి వచ్చింది, మిగతా సంఘాలకు రాయలేకపోయాను, నువ్వు రాయి అంటాడు. అక్కడితో ఆయన గొంతు ఆగిపోతుంది. ఆయన ఎలా చనిపోయాడో ఈ ఏడింటిలో లేదు. త్రాజాను ఎదుట నిలబడి మాట్లాడినట్టు వర్ణించే వేదసాక్షి చరిత్రలు చాలా తర్వాతవి, వాటిని వీటితో కలిపి చదవకండి. బదులుగా పొలికార్పు ఫిలిప్పీ వాళ్ళకు రాసిన ఉత్తరం చదవండి. 9వ అధ్యాయంలో ఇగ్నేషియస్, జోసిముస్, రూఫు ప్రభువు దగ్గర తమకు రావాల్సిన చోటికి చేరారంటాడు. 13లో, మీరు అడిగినట్టే ఇగ్నేషియస్ ఉత్తరాలు మా దగ్గర ఉన్నవన్నీ పంపుతున్నాం, ఆయన గురించి మీకు రూఢిగా తెలిసింది మాకు తెలియజేయండి అంటాడు. ఈ ఉత్తరాల్ని ఒకచోట పోగుచేసిన కబురు మనకు మొదట దొరికేది ఇక్కడే.

ఎప్పుడు మొదలుపెట్టాలని అడుగుతారు. కతోలికుల పండుగ అక్టోబరు 17, ఆర్థొడాక్స్ వాళ్ళది డిసెంబరు 20. నేనైతే ఆగస్టు మొదటి వారంలో పటం గీయిస్తాను. అప్పుడు త్రల్లె, మగ్నేసియ, ఎఫెసు అయ్యేసరికి 24వ తేదీ వస్తుంది, రోము ఉత్తరం రాసిన తేదీకే చదవొచ్చు. వర్షాకాలం కదా, కరెంటు పోతుంది, కొవ్వొత్తులు కొని పెట్టుకోండి.